డీజిల్‌లో నీరు, మట్టి: సాగు యంత్రాల ఇంధన వ్యవస్థకు పొంచి ఉన్న ముప్పు, నివారణ

ఖరీఫ్ వరి కోతకు వచ్చే నవంబరు, డిసెంబరు మాసాలు కోస్తా ఆంధ్రలో తుపానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటే నాటికి డెల్టా ప్రాంతంలో వరి కొంత కోతకు సిద్ధమై చేలలోనూ, కొంత పనలపైనా, మరికొంత కళ్లాలలోనూ ఉన్నది. ఇటువంటి సమయాల్లో హెచ్చరిక వెలువడిన నాటికి, వాన మొదలయ్యే నాటికి నడుమ రైతుకు మిగిలేది రెండు మూడు రోజుల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో కోత యంత్రం, ధాన్యాన్ని గట్టుకు చేర్చే ట్రాక్టరు, మిల్లుకు తరలించే లారీ ఒకదాని వెంట ఒకటి నడవవలసి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిగిలిన రెండూ ఆగుతాయి.

యంత్రం ఆగడానికి కారణాలు అనేకం. వాటిలో ముందుగా గుర్తించదగినదీ, తక్కువ ఖర్చుతో నివారించదగినదీ ఇంధనంలో చేరిన నీరు, మట్టి. గంటల లెక్కన యంత్రాన్ని అద్దెకు తెచ్చుకున్న రైతు ఇంజను నిలిచిపోతే బాడుగను మించి నష్టపోతాడు. తడిసిన గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, ధర పడిపోతుంది. యంత్ర యజమానికి ఇంజెక్టర్లు, పంపు మార్చవలసిన భారం మీద పడుతుంది. కలుషిత ఇంధనం వల్ల కలిగిన నష్టాన్ని తయారీదారుల వారంటీ సాధారణంగా భరించదు. ఎరువులు, విత్తనాలు, సస్యరక్షణ విషయంలో రైతుకు అందుతున్నంత సలహా ఇంధన నిల్వ విషయంలో అందడం లేదు. విస్తరణ సిబ్బంది, విద్యార్థులు ఈ అంశాన్ని శాస్త్రీయంగా అర్థం చేసుకొనవలసిన అవసరం అందువల్లనే ఏర్పడుతున్నది.

నీరు ఉండే మూడు రూపాలు

డీజిల్‌లో నీరు మూడు రూపాలలో ఉంటుంది. మొదటిది కరిగిన నీరు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద డీజిల్ సుమారు పది లక్షల పాళ్లకు వంద పాళ్ల వరకు నీటిని తనలో కరిగించుకొనగలదు. ఇది కంటికి కనిపించదు. రెండవది అతి సూక్ష్మ బిందువులుగా చెదరి ఉన్న నీరు. ఈ స్థితిలో ఇంధనం మసకగా, ఎక్కువైతే పాలవలె కనిపిస్తుంది. మూడవది అడుగున పేరుకున్న విడి నీరు. డీజిల్ సాంద్రత సుమారు 0.83 కాగా నీటి సాంద్రత 1 కాబట్టి విడివడిన నీరు ఎప్పుడూ ట్యాంకు అడుగునకే చేరుతుంది.

ఈ మూడు రూపాలు స్థిరమైనవి కావు. ఉష్ణోగ్రత పెరిగితే కరిగే నీటి పరిమాణం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు వాడకానికి మించిన డీజిల్ వేడెక్కి తిరిగి ట్యాంకుకు చేరుతుంది. ఆ వేడిలో కరిగిన నీటిలో కొంత రాత్రి చల్లబడినప్పుడు విడివడి అడుగునకు దిగుతుంది. ఉదయం యంత్రాన్ని కదిలించక ముందే నీటిని తీసివేయాలన్న సూచనకు శాస్త్రీయ ఆధారం ఇదే. యంత్రం కదిలిన తరువాత అడుగున ఉన్న నీరు చెదరి మళ్లీ ఇంధనంలో కలిసిపోతుంది.

భారత్ స్టేజ్-6 డీజిల్ ప్రమాణాల ప్రకారం కిలో ఇంధనంలో నీరు 200 మిల్లీగ్రాములకు, మొత్తం ఘన కల్మషం 24 మిల్లీగ్రాములకు మించరాదు. 200 లీటర్ల డ్రమ్ములోని ఇంధనం బరువు సుమారు 166 కిలోలు. ఈ లెక్కన ప్రమాణాలకు లోబడిన డీజిల్‌లోనే డ్రమ్ముకు 33 గ్రాముల వరకు నీరు, 4 గ్రాముల వరకు మలినం ఉండే అవకాశం ఉన్నది. అంటే బంకు నుంచి తెచ్చిన ఇంధనం నాణ్యమైనదే అయినా, దానిని వడకట్టే, నీటిని వేరుచేసే ఏర్పాటు యంత్రంపై ఉండి తీరాలి. ఇక బంకు దాటిన తరువాత చేరే నీరు, మట్టి పూర్తిగా వాడకందారు చేతిలోని విషయం.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి చల్లబడి తేమ నీరుగా మారడమే ప్రధాన కారణమని సాధారణ అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని ఒకసారి లెక్కతో పరిశీలించడం ఉపయుక్తం. తేమతో పూర్తిగా నిండిన గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని కలిగి ఉంటుంది. సగం ఖాళీ అయిన డ్రమ్ములోని 100 లీటర్ల గాలి ఇలా చల్లబడితే విడివడే నీరు 1.3 గ్రాములు మాత్రమే. మరునాటి నుంచి గాలి సంకోచించిన మేరకే, అంటే మూడు నాలుగు లీటర్ల కొత్త గాలి మాత్రమే లోనికి వస్తుంది. అది తెచ్చే తేమ రోజుకు గ్రాములో పదో వంతు. ఎండలో ఉంచిన డ్రమ్ములో ఉష్ణోగ్రత తేడా ఎక్కువ కనుక ఇది రెండు మూడు రెట్లు కావచ్చు. అయినా నెలకు పది గ్రాములు దాటదు.

ఇప్పుడు అదే డ్రమ్మును వానలో నిలువుగా ఉంచినట్లు భావించాలి. డ్రమ్ము పైఅంచు లోపల రెండు సెంటీమీటర్ల ఎత్తున వాన నీరు నిలిచినా దాని పరిమాణం సుమారు 5 లీటర్లు. మూత కింది వాషరు అరిగి ఉంటే, రాత్రి లోపలి గాలి సంకోచించినప్పుడు మూడు నాలుగు లీటర్ల గాలికి బదులు మూతపై నిలిచిన నీరే లోనికి పీల్చబడుతుంది. నెల రోజుల తేమ చేయలేని హాని ఒక్క రాత్రి వాన చేయగలదు. కాబట్టి నివారణ ప్రయత్నంలో మొదటి స్థానం మూతకు, వాషరుకు, డ్రమ్మును ఉంచే విధానానికి ఇవ్వాలి. ట్యాంకును సాయంత్రమే నింపి ఉంచడం కూడా మంచి అలవాటే. దాని ప్రధాన ప్రయోజనం మాత్రం కొత్తగా పోసిన ఇంధనంలోని నీరు, మట్టి తేరుకోవడానికి రాత్రంతా సమయం దొరకడం.

పూర్తిగా మూయని ట్యాంకు మూత, కడిగి ఆరబెట్టకుండా వాడిన క్యాను, వానలో తెరచి ఉంచిన గరాటు, పైపుతో నీరు కొట్టి యంత్రాన్ని కడిగేటప్పుడు గాలి రంధ్రంలోకి దూరిన నీరు ఇతర మార్గాలు. లారీలకు, ట్రాక్టర్లకు మరొక ప్రమాదం ఉన్నది. రోజంతా తిరిగి వేడెక్కిన ట్యాంకు పొంగే వాగులోనో, నీరు నిలిచిన రహదారిలోనో మునిగితే ఒక్కసారిగా చల్లబడి, గాలి రంధ్రం గుండా నీటిని లోనికి లాగుకుంటుంది. అటువంటి ప్రయాణం తరువాత అడుగు నీటిని తీసి చూడనిదే ఇంజనును నడపరాదు.

మట్టి రేణువులు: తేరుకునే కాలం

నేల కణ విశ్లేషణలో పిపెట్ పద్ధతిని చేసిన ప్రతి వ్యవసాయ విద్యార్థికి స్టోక్స్ సూత్రం పరిచయమే. రేణువు అడుగునకు చేరే వేగం దాని వ్యాసపు వర్గానికి, రేణువు, ద్రవాల సాంద్రతల తేడాకు అనులోమంగాను, ద్రవపు చిక్కదనానికి విలోమంగాను ఉంటుంది. ఇదే సూత్రం డీజిల్ డ్రమ్ముకూ వర్తిస్తుంది. ఇంధనపు చిక్కదనాన్ని 2.5 మిల్లీపాస్కల్ సెకన్లుగాను, ద్రవం లోతును 85 సెంటీమీటర్లుగాను తీసుకుంటే ఈ కింది అంచనాలు వస్తాయి.

వంద మైక్రాన్ల నీటి బిందువు సుమారు 40 నిమిషాలలో అడుగునకు చేరుతుంది. పది మైక్రాన్ల నీటి బిందువుకు రెండున్నర రోజులకు పైగా పడుతుంది. నేల రేణువుల సాంద్రత ఎక్కువ కాబట్టి అవి త్వరగా దిగుతాయి: పది మైక్రాన్ల ఒండ్రు రేణువుకు ఆరు గంటలు, అయిదు మైక్రాన్ల రేణువుకు ఒక పూర్తి రోజు. రెండు మైక్రాన్ల బంకమన్ను రేణువుకు మాత్రం ఆరు రోజులకు పైగా కావాలి. అంతకన్న సూక్ష్మమైనవి వాడకం మధ్య ఎన్నటికీ తేరుకోవనే భావించాలి.

ఈ లెక్క నుంచి రెండు ఆచరణాత్మక నిర్ణయాలు వెలువడుతున్నాయి. డ్రమ్మును నింపిన తరువాత, లేదా దొర్లించి తెచ్చిన తరువాత కనీసం 24 గంటలు కదల్చకుండా ఉంచితే కంటికి కనిపించే నీరు, ఇసుక, ముతక ఒండ్రు అడుగునకు చేరుతాయి. అయితే నల్లరేగడి ధూళిలోని బంకమన్నును తేర్చడం ద్వారా తొలగించలేము. దానిని ఆపగలిగేది మంచి ఫిల్టరు, మొదటే ధూళి పడకుండా చూసే జాగ్రత్త మాత్రమే. పలుచని గుడ్డతో వడకడితే సరిపోతుందన్న నమ్మకం కూడా నిలువదు. గుడ్డ నేత సందులు పదుల మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. పైగా గుడ్డ తన నూలు పోగులను ఇంధనంలో వదులుతుంది.

హాని జరిగే తీరు

ఇంధన పంపులోని పిస్టను, దాని గొట్టం నడుమ ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ ఖాళీలో పంపును కందెనవలె కాపాడేది డీజిలే. నీటికి ఆ గుణం లేదు. నీరు చేరినచోట పలుచని ఇంధన పొర తెగి లోహం లోహంతో రాసుకుంటుంది, తుప్పు పడుతుంది. నాజిల్ కొనవద్ద అధిక వేడికి నీరు ఒక్కసారిగా ఆవిరై కొనను దెబ్బతీయగలదు. మట్టి చేసే పని వేరు. చల్క నేలల ధూళిలో అధికంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ మానంలో 7. అది గట్టిపరచిన ఉక్కును సైతం గీయగలదు. ఫలితంగా నాజిల్ రంధ్రాలు అరిగి తుంపర సమంగా పడదు. నల్లపొగ, శక్తి తగ్గుదల, డీజిల్ వాడకం పెరుగుదల కనిపిస్తాయి.

పాత తరహా ట్రాక్టర్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి సుమారు 200 బార్లు. కామన్ రైల్ పద్ధతిలో అది 1,600 బార్లు, ఆపైన ఉంటుంది. దేశంలో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు 2023 జనవరి 1 నుంచి అమలులోకి రావడంతో ఈ తరహా ఇంజన్లు పొలాలకు విస్తృతంగా చేరుతున్నాయి. లారీలలో 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-6 అమలులో ఉన్నది. పాత ఇంజను కొంత మురికిని సహించి పొగ విడుస్తూనైనా నడిచేది. కొత్త ఇంజను అదే మురికికి ఇంజెక్టర్లను కోల్పోతుంది. యజమాని యంత్రాన్ని మార్చినా, ఇంధనం పోసే క్యాను, గరాటు, అలవాటు పాతవే అయితే నష్టం తప్పదు.

వాహన తయారీదారుల సంఘాలు కలిసి రూపొందించిన ప్రపంచ ఇంధన పత్రం ఐఎస్ఓ 4406 పద్ధతిలో 18/16/13 స్థాయి శుభ్రతను సూచించింది. అంటే మిల్లీలీటరు ఇంధనంలో నాలుగు మైక్రాన్లను మించిన రేణువులు 2,500కు, ఆరు మైక్రాన్లను మించినవి 640కి, పద్నాలుగు మైక్రాన్లను మించినవి 80కి లోపు ఉండాలి. కంటికి తేటగా కనిపించే డీజిల్ ఈ స్థాయికి చాలా దూరంలో ఉండవచ్చు.

సూక్ష్మజీవుల పాత్ర

నీరు, డీజిల్ కలిసే పొర వద్ద శిలీంధ్రాలు, బాక్టీరియా పెరుగుతాయి. అవి డీజిల్‌లోని హైడ్రోకార్బన్లను ఆహారంగాను, అడుగు నీటిని నివాసంగాను చేసుకుంటాయి. వీటిలో అమార్ఫోథీకా రెసినే అనే శిలీంధ్రం ప్రసిద్ధమైనది. నలుపు, గోధుమ రంగు జిగురు పదార్థం, ఫిల్టరుపై బురదవంటి పూత, పుల్లని వాసన దీని లక్షణాలు. ఇవి విడుదల చేసే ఆమ్లాలు ట్యాంకును తినివేస్తాయి. ప్రస్తుత ప్రమాణాలు డీజిల్‌లో 7 శాతం వరకు బయోడీజిల్‌ను అనుమతిస్తున్నాయి. బయోడీజిల్ కలిసిన ఇంధనం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు మరింత అనుకూలంగా ఉంటుంది. నీరు లేనిచోట ఇవి పెరగలేవు. రబీ ముగిసి ఖరీఫ్ వరకు ఖాళీగా నిలిపే కోత యంత్రాల ట్యాంకులలో అడుగు నీటిని ముందే తీసివేయడం ఇందుకే ముఖ్యం.

నిల్వలో పాటించవలసినవి

డీజిల్‌ను అవసరానికి మించి నిల్వ చేయరాదు. ముందు తెచ్చినదానిని ముందు వాడాలి. డ్రమ్ములను నీడలో, కప్పు కింద, నేలకు తగలకుండా దిమ్మలపై ఉంచాలి. పడుకోబెట్టి నిల్వ చేసేటప్పుడు రెండు మూతలు గడియారంలో మూడు, తొమ్మిది గంటల స్థానాల్లో ఉండేట్లు అమర్చితే లోపలి ద్రవమే వాషరును తడిగా ఉంచి గాలిని, నీటిని అడ్డుకుంటుంది. నిలువుగా ఆరుబయట ఉంచక తప్పనప్పుడు డ్రమ్మును ఒకవైపు కొద్దిగా ఎత్తి, నిలిచే నీరు మూతలకు అందకుండా చూడాలి.

జింకు పూత పూసిన పాత్రలు, రాగి గొట్టాలు డీజిల్ నిల్వకు తగవు. ఈ లోహాలు ఇంధనంలోని ఆమ్ల పదార్థాలతో చర్య జరిపి ఫిల్టరును మూసివేసే జిగురు సమ్మేళనాలను ఏర్పరుస్తాయి. సాధారణ ఉక్కు డ్రమ్ములు, ఇంధనానికై తయారైన క్యాన్లు వాడాలి. పురుగుమందు, నూనె, నీరు పోసిన క్యాన్లను తిరిగి డీజిల్‌కు వినియోగించరాదు. డ్రమ్ము నుంచి తోడే గొట్టం అడుగునకు కనీసం 75 మిల్లీమీటర్ల పైన ఆగాలి. చివరగా మిగిలిన అడుగు ఇంధనాన్ని యంత్రంలో పోయకుండా వేరుగా తేర్చి చూడాలి. డీజిల్ మండే పదార్థం కాబట్టి నిల్వ స్థలంలో పొగతాగడం, మంట పనికిరావు.

కొనుగోలు సమయంలో సందేహం కలిగితే బంకులో సాంద్రత పరీక్ష చేయించమని, భూగర్భ ట్యాంకు కొలత కడ్డీకి నీటిని గుర్తించే పేస్టు రాసి చూపమని అడగవచ్చు. పొలం వద్ద చేయదగిన సులభ పరీక్ష మరొకటి ఉన్నది. శుభ్రమైన గాజు సీసాలో ట్యాంకు అడుగు నుంచి తీసిన డీజిల్‌ను నింపి, కదల్చకుండా ఉంచి, వెలుతురుకు ఎదురుగా చూడాలి. తేటగా మెరిస్తే మంచిది. మసకగా ఉంటే చెదరిన నీరు ఉన్నట్లు. అడుగున గీత కనిపిస్తే విడి నీరు ఉన్నట్లు. రేణువులు పేరుకుంటే మట్టి ఉన్నట్లు గ్రహించాలి.

రోజువారీ నిర్వహణ, ఫిల్టరు మార్పు

ప్రతి ఉదయం ఇంజను నడపక ముందు నీటిని వేరుచేసే గిన్నె కింది కుళాయిని వదులు చేసి, నీరు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చే వరకు ఒక పాత్రలోకి పట్టాలి. దానిని పొలంలోనో, కాలువలోనో పారబోయరాదు. నీటి సూచిక దీపం ఉన్న యంత్రాలలో దీపం వెలిగిన వెంటనే ఆపి నీటిని తీయాలి. అయితే దీపం వెలగలేదని రోజువారీ పరిశీలనను మానరాదు. గిన్నెలో నీరు నిర్ణీత మట్టానికి చేరిన తరువాతనే అది వెలుగుతుంది.

ఇంధనం పోసే ముందు మూత చుట్టూ ఉన్న పొట్టు, ధూళిని తుడిచివేయాలి. వరికోత యంత్రం చుట్టూ గాలిలో నిరంతరం ధూళి ఉంటుంది కాబట్టి చేలో కాక, యంత్రం ఆగి ధూళి అణగిన తరువాత గట్టుపై పోయడం మేలు. ట్యాంకు నోటిలోని జల్లెడను తొలగించరాదు. మూతపై గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే ఇంధనం అందక ఇంజను ఆగుతుంది. దానిని అప్పుడప్పుడు శుభ్రపరచాలి.

ఫిల్టర్లను తయారీదారు సూచించిన గంటలకు, అధిక ధూళి ఉన్నచోట అంతకు ముందే మార్చాలి. మొదటి ఫిల్టరు ముతక రేణువులను, నీటిని. రెండవది సూక్ష్మ రేణువులను ఆపుతుంది. కాగితపు ఫిల్టరును డీజిల్‌తోనో, గాలితోనో శుభ్రపరచి తిరిగి బిగించడం ప్రమాదకరం. చిరిగిన కాగితం గుండా మురికి నేరుగా పంపుకు చేరుతుంది. కొత్త ఫిల్టరులో వడకట్టని డీజిల్‌ను మధ్య రంధ్రం గుండా పోయడం మరొక పొరపాటు. మధ్య రంధ్రం శుభ్రమైన వైపునకు చెందినది; అక్కడ పోసిన మురికికి ఇక అడ్డు ఉండదు. ఫిల్టరును బిగించి చేతి పంపుతో నింపడమే సరైన విధానం. పాత తరహా ఇంజన్లలో మొదటి ఫిల్టరు, రెండవ ఫిల్టరు, పంపు వరుసలో మరలను వదులుచేసి బుడగలు లేకుండా డీజిల్ వచ్చే వరకు గాలి తీయాలి. కామన్ రైల్ ఇంజన్లలో మాత్రం అధిక ఒత్తిడి గొట్టాలను పొలంలో వదులు చేయరాదు. ఆ ఒత్తిడిలో వెలువడే సన్నని ధార చర్మాన్ని చీల్చి శరీరంలోకి చొచ్చుకుపోగలదు. అది అత్యవసర శస్త్రచికిత్స అవసరమైన గాయం.

నీరు చేరినట్లు తెలిసినప్పుడు

ఇంజను తడబడుతూ, తెల్లని పొగ విడుస్తూ, బరువు పడగానే ఆగిపోతుంటే నీటిని అనుమానించాలి. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ స్టార్టరు తిప్పడం వల్ల నీరు పంపులోకి, నాజిళ్లలోకి చేరుతుంది. వెంటనే ఆపి, ట్యాంకు అడుగు ఇంధనాన్ని పూర్తిగా తీసి, గిన్నెను కడిగి, రెండు ఫిల్టర్లనూ మార్చి, శుభ్రమైన డీజిల్ నింపిన తరువాతనే నడపాలి. స్పిరిట్ కలిపితే నీరు పోతుందన్న చిట్కా సరికాదు. అది నీటిని తొలగించదు, ఇంధనంతో కలిపి ఇంజెక్టరు వరకు తీసుకువెళుతుంది. కిరోసిను, పెట్రోలు కలపడం కందెన గుణాన్ని తగ్గిస్తుంది. పెట్రోలు మంట ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. ఫిల్టరును తీసివేసి ఆ పూట కోత పూర్తిచేయాలన్న తొందర అన్నిటికన్న ఖరీదైనది.

విస్తరణ కార్యక్రమాలలో స్థానం

యంత్రాల అద్దె కేంద్రాల నిర్వాహకులకు, డ్రైవర్లకు ఇచ్చే శిక్షణలో ఈ అంశానికి ఒక పూట కేటాయించడం అవసరం. గాజు సీసా పరీక్ష, గిన్నె నుంచి నీరు తీయుట, చేతి పంపుతో గాలి తీయుట అనే మూడు ప్రదర్శనలు చాలును. కోత ఆరంభానికి పదిహేను రోజుల ముందు ట్యాంకుల అడుగు నీరు తీయించడం, మూతల వాషర్లు మార్పించడం, ప్రతి యంత్రం వెంట ఒక జత అదనపు ఫిల్టర్లు ఉంచడం గ్రామస్థాయి సన్నాహక పట్టికలో చేర్చవచ్చు. స్టోక్స్ సూత్రాన్ని నేల నమూనాతో నేర్చుకున్న విద్యార్థి అదే సీసాలో డీజిల్‌ను ఉంచి బిందువులు తేరుకునే కాలాన్ని స్వయంగా కొలిస్తే, రైతుకు 24 గంటలు ఆగమని చెప్పేటప్పుడు అందుకు కారణాన్ని కూడా వివరించగలుగుతాడు.